ఎవరెస్టు శిఖరారోహణ యాత్ర ప్రణాళిక

ఎవరెస్టు శిఖరారోహణ యాత్ర ప్రణాళిక అనగా, అనుభవజ్ఞులైన మార్గదర్శకుల (గైడుల) సహాయంతో ప్రపంచంలో అత్యున్నతమైన ఎవరెస్టు శిఖరాన్ని ఎక్కి క్షేమంగా తిరిగి రావడానికి ముందుగా చేసుకొనే ఏర్పాట్ల సమాహారం. నేపాలీ భాషలో సగర్‌మాథా అని, టిబెట్టు భాషలో చోమోలుంగ్మా అని పిలువబడే ఈ శిఖరం ఎత్తు 8,848.86 మీటర్లని నేపాల్, చైనా దేశాలు 2020 డిసెంబరులో సంయుక్తంగా ప్రకటించాయి. యాత్రకు సాధారణంగా ఆరు నుండి తొమ్మిది వారాలు పడుతుంది. దాని సన్నాహానికి మాత్రం రెండు మూడు సంవత్సరాలు పట్టవచ్చును.

ఈ ప్రణాళికలో అనుమతులు, వ్యయం, శిక్షణ, సామగ్రి, ఆహారం, ప్రాణవాయువు, వాతావరణ సూచనలు, వైద్యం, సహాయక సిబ్బంది మొదలైన అంశాలు ఉంటాయి. వీటన్నిటిలోను ముఖ్యమైనది, ఏ పరిస్థితిలో శిఖరాన్ని వదలి వెనుదిరగాలో ముందుగానే నిర్ణయించుకోవడం. 8,000 మీటర్ల పైన ప్రాణవాయువు కొరత వలన మనిషి ఆలోచనాశక్తి మందగిస్తుంది. కావున అక్కడ తీసుకోవలసిన నిర్ణయాలను బేస్ క్యాంపులోనే తీసుకొని, పైన వాటిని అమలు మాత్రమే చేస్తారు. ఈ నియమం పాటించని సందర్భాలలో ఎన్నో ప్రాణాలు పోయాయి.

చరిత్ర

ఎవరెస్టు శిఖరాన్ని 1953 మే 29న న్యూజిలాండుకు చెందిన ఎడ్మండ్ హిల్లరీ, షెర్పా టెన్జింగ్ నార్కే మొదటిసారి అధిరోహించారు. 1960లో చైనా బృందం ఉత్తర దిశనుండి ఎక్కింది. భారతీయులలో మొదటి విజయం 1965 మే నెలలో కెప్టెన్ ఎం.ఎస్.కోహ్లీ నాయకత్వం వహించిన బృందానికి దక్కింది. ఆ బృందంలో తొమ్మిదిమంది శిఖరం చేరారు. 1984 మే 23న బచేంద్రీ పాల్ శిఖరం చేరిన మొదటి భారతీయ మహిళ అయినది. ఆ కాలపు యాత్రలు ఎక్కువగా ప్రభుత్వాలో, సైన్యాలో, పర్వతారోహణ సంఘాలో నడిపినవి. సభ్యులను సంఘమే ఎన్నుకొనేది, ఖర్చును కూడా అదే భరించేది.

1985 ఏప్రిల్ 30న అమెరికా వ్యాపారవేత్త డిక్ బాస్, డేవిడ్ బ్రీషియర్స్ అనే నిపుణుడి తోడుతో 55 ఏళ్ళ వయసులో శిఖరం చేరాడు. వృత్తి పర్వతారోహకుడు కానివాడు కూడా తగిన మార్గదర్శకుడు ఉంటే ఎవరెస్టు ఎక్కవచ్చుననే అభిప్రాయానికి ఇది నాంది పలికింది. 1990వ దశకం తొలి సంవత్సరాల నుండి రుసుము తీసుకొని సభ్యులను శిఖరానికి నడిపించే సంస్థలు వెలిశాయి. మొదట వీటిలో ఎక్కువ పాశ్చాత్యులవి. తరువాతి కాలంలో నేపాలీ షెర్పాలు స్వయంగా స్థాపించిన సంస్థలు ముందుకు వచ్చి, నేడు అధిక సంఖ్యలో యాత్రలను అవే నడుపుతున్నాయి.

మార్గం, ఋతువు

శిఖరానికి ప్రధానంగా రెండు మార్గాలు కలవు.

* దక్షిణ మార్గం: నేపాల్ వైపునుండి ఖుంబు హిమానీనదం, సౌత్ కోల్ కనుమ, ఆగ్నేయ శిఖరగట్టు మీదుగా పోతుంది. హిల్లరీ, టెన్జింగ్ వెళ్ళిన దారి ఇదే. ఈ దారిలో ఖుంబు ఐస్‌ఫాల్ అనే ప్రదేశం మిక్కిలి ప్రమాదకరమైనది.
* ఉత్తర మార్గం: టిబెట్టు వైపునుండి నార్త్ కోల్, ఈశాన్య శిఖరగట్టు మీదుగా పోతుంది. బేస్ క్యాంపు వరకు వాహనాలు వెళ్తాయి. ఐస్‌ఫాల్ వంటిది లేదు గాని, చలి, గాలి ఎక్కువ. పై క్యాంపు 8,200 మీటర్లకు పైన ఉండడంతో ఎక్కువ సమయం అత్యున్నత ప్రదేశంలో గడపవలసి ఉంటుంది. కోవిడ్ కారణంగా 2020లో విదేశీయులకు మూసివేయబడిన ఈ మార్గం 2024లో తిరిగి తెరువబడింది.

చలికాలంలో జెట్ స్ట్రీమ్ అనబడే అతివేగపు గాలుల ప్రవాహం శిఖరాన్ని తాకుతూ ఉంటుంది. మే నెలలో ఋతుపవనాలు సమీపించే కొద్దీ ఈ ప్రవాహం ఉత్తరానికి జరుగుతుంది. అది జరిగిన తరువాత, ఋతుపవనాల మంచు మొదలు కాకముందు, కొన్ని రోజులపాటు శిఖరంపై గాలి నెమ్మదిస్తుంది. అధిక సంఖ్యలో ఆరోహణలు మే రెండవ, మూడవ, నాల్గవ వారాలలో జరగడానికి ఇదే కారణం. యాత్రా కాలమంతా ఈ కొద్ది రోజులను లక్ష్యంగా పెట్టుకొని వెనుకకు లెక్కించి నిర్ణయించబడుతుంది. అందుచేత మార్చి చివర లేదా ఏప్రిల్ మొదట్లో సభ్యులు ఖాట్మండు చేరుతారు.

సంస్థ ఎంపిక

సభ్యుడు చేసే నిర్ణయాలలో సంస్థ ఎంపిక మొదటిది. ధర ఒక్కటే చూసి ఎంచుకోవడం మంచిది కాదు. సంస్థను క్రింది విషయాలు అడిగి వ్రాతపూర్వకంగా తీసుకోవాలి.

* ఒక్కొక్క సభ్యునికి శిఖర దినాన ఎంతమంది షెర్పాలు తోడుంటారు?
* ఒక్కొక్కరికి ఎన్ని ప్రాణవాయువు సిలిండర్లు కేటాయిస్తారు? అదనంగా నిల్వ ఎంత, ఎక్కడ ఉంచుతారు?
* బేస్ క్యాంపులో వైద్యుడు ఉంటాడా?
* వాతావరణ సూచన ఎక్కడనుండి వస్తుంది?
* రేడియో, ఉపగ్రహ ఫోను ఎన్ని ఉంటాయి? బేస్ క్యాంపులో రాత్రంతా వినేవారు ఉంటారా?
* వెనుదిరగమని ఆజ్ఞాపించే అధికారం ఎవరిది? సభ్యుడు దానిని కాదనవచ్చునా?
* షెర్పాలకు, వంటవారికి, కూలీలకు వేతనం ఎంత, బీమా ఎంత?

చివరి రెండు ప్రశ్నలకు స్పష్టమైన సమాధానం ఇవ్వని సంస్థను విడిచిపెట్టడం మేలు. తక్కువ ధరకు తీసుకువెళ్ళే యాత్రలలో కోత పడేది సాధారణంగా సిలిండర్ల సంఖ్య, సిబ్బంది సంఖ్య, సిబ్బంది బీమాల మీదనే.

అనుమతులు, రుసుములు

నేపాల్ వైపు అనుమతిని ఆ దేశపు పర్యాటక శాఖ జారీ చేస్తుంది. విదేశీయులకు వసంత ఋతువు రుసుము 2015 నుండి తలకు 11,000 డాలర్లు ఉండగా, 2025 సెప్టెంబరు 1 నుండి 15,000 డాలర్లు అయినది. శరదృతువులో 7,500 డాలర్లు, మిగిలిన కాలాలలో 3,750 డాలర్లు. అనుమతి గడువు పూర్వం 75 రోజులు కాగా, కొత్త నిబంధనలలో 55 రోజులకు తగ్గించబడింది. 8,000 మీటర్లకు మించిన శిఖరాలపై ప్రతి ఇద్దరు సభ్యులకు కనీసం ఒక మార్గదర్శకుడు ఉండాలి. నేపాల్ వైపు 16 సంవత్సరాలు నిండనివారికి అనుమతి లేదు.

వీటికి తోడు సగర్‌మాథా జాతీయ ఉద్యానవన ప్రవేశ రుసుము, ఐస్‌ఫాల్‌లో దారి వేసేవారికి చెల్లించే రుసుము, పై భాగంలో తాళ్ళు కట్టే బృందానికి చెల్లించే వాటా ఉంటాయి. టిబెట్టు వైపు అనుమతులు చైనా టిబెట్టు పర్వతారోహణ సంఘం ద్వారా లభిస్తాయి.

వ్యయం

మార్గదర్శకులతో కూడిన యాత్రకు సంస్థను బట్టి సుమారు 40 వేల డాలర్ల నుండి లక్ష డాలర్లు, అంతకు మించి కూడా ఖర్చవుతుంది. ఇందులో అనుమతి రుసుము, సిబ్బంది వేతనాలు, ఆహారం, గుడారాలు, ప్రాణవాయువు, రవాణా చేరి ఉంటాయి. వ్యక్తిగత దుస్తులు, బూట్లు, అంతర్జాతీయ విమాన ప్రయాణం, వైద్య బీమా, షెర్పాకు ఇచ్చే శిఖర బహుమానం సాధారణంగా వేరు. హెలికాప్టర్ రక్షణకు చెల్లే బీమా తప్పనిసరి. బీమా పత్రంలో పర్వతారోహణకు ఎత్తు పరిమితి ఉన్నదేమో జాగ్రత్తగా చదవాలి. చాలా సాధారణ ప్రయాణ బీమాలు ఈ ఎత్తుకు చెల్లవు.

ఖర్చుకు సంబంధించిన మరొక విషయం గమనింపదగినది. అప్పు చేసి గాని, దాతలనుండి చందాలు పోగుచేసి గాని వచ్చిన సభ్యునికి వెనుదిరగడం మానసికంగా కష్టం. కావున మరొకసారి రావలసి వస్తే ఏమి చేయాలన్నది కూడా డబ్బు సమకూర్చుకొనే సమయంలోనే ఆలోచించుకోవాలి. దాతలకు కూడా శిఖరం చేరతామని కాక, ప్రయత్నిస్తామని మాత్రమే మాట ఇవ్వడం ఉచితం.

శిక్షణ, పూర్వానుభవం

భారతదేశంలో పర్వతారోహణ శిక్షణ ఇచ్చే సంస్థలలో 1954లో స్థాపించబడిన డార్జిలింగులోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, 1965లో స్థాపించబడిన ఉత్తరకాశీలోని నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్ ప్రసిద్ధమైనవి. ఇక్కడ సుమారు నాలుగు వారాల ప్రాథమిక శిక్షణ, అందులో మంచి శ్రేణి పొందినవారికి ఉన్నత శిక్షణ ఇస్తారు. తాళ్ళు, ముడులు, మంచు గొడ్డలి వాడుక, జారినప్పుడు ఆగే పద్ధతి, మంచు పగులులో పడినవారిని పైకి తీయడం ఇందులో ముఖ్యాంశాలు.

శిక్షణ తరువాత ఎత్తును మెట్లు మెట్లుగా పెంచుకుంటూ పోవాలి. 6,000 మీటర్ల స్థాయిలో నేపాల్‌లోని ఐలాండ్ పీక్, 7,000 మీటర్ల స్థాయిలో లడఖ్ ప్రాంతపు నున్ (7,135 మీ.), 8,000 మీటర్ల స్థాయిలో నేపాల్‌లోని మనస్లు (8,163 మీ.) ఇందుకు తరచుగా ఎంచుకొనే శిఖరాలు. ఎత్తులో శరీరం ఎట్లా స్పందిస్తుందో మైదానంలో చేసే ఏ పరీక్షా ముందుగా ఖచ్చితంగా చెప్పలేదు. బాగా పరుగెత్తగలవాడికి కూడా ఎత్తు జబ్బు రావచ్చును. అందుకే పూర్వానుభవానికి ప్రత్యామ్నాయం లేదు.

ఇంటివద్ద చేసే సాధనలో బరువు వీపున వేసుకొని గంటల తరబడి మెట్లు, గుట్టలు ఎక్కి దిగడం ప్రధానం. దిగడం కూడా సాధనలో భాగం కావాలి, ఏలయనగా ఎవరెస్టుపై మరణాలలో చాలా భాగం దిగేటప్పుడు, శక్తి ఉడిగిన స్థితిలో సంభవిస్తాయి.

సామగ్రి

వ్యక్తిగత సామగ్రిలో ముఖ్యమైనవి: 8,000 మీటర్ల ఎత్తుకు తగిన రెండు పొరల బూట్లు, వాటి అడుగున బిగించే ఇనుప ముళ్ళ చట్రాలు (క్రాంపాన్లు), పక్షి ఈకలు నింపిన ఒంటినిండా కప్పే దుస్తు, అనేక పొరల చేతి తొడుగులు, మంచు గొడ్డలి, శిరస్త్రాణం, నడుముకు బిగించుకొనే పట్టీలు (హార్నెస్), తాడును పట్టుకొని పైకి మాత్రమే జరిగే జుమారు, తలకు కట్టుకొనే దీపం, నల్ల కళ్ళద్దాలు. కళ్ళద్దాలు పోతే మంచుమీద పడి తిరిగివచ్చే ఎండకు కొన్ని గంటలలో కళ్ళు కనబడకుండా పోగలవు. కనుక రెండవ జత తప్పక ఉంచుకోవాలి. చేతి తొడుగులకు కూడా ఇదే నియమం. కొత్త బూట్లను యాత్రలోనే మొదటిసారి తొడగరాదు.

ఎత్తుకు అలవాటు పడడం

గాలిలో ప్రాణవాయువు పాలు శిఖరం వద్ద కూడా సముద్ర మట్టం వద్ద వలెనే సుమారు 21 శాతం. అయితే గాలి పీడనం శిఖరం వద్ద సముద్ర మట్టపు పీడనంలో మూడవ వంతు మాత్రమే. అందుచేత ప్రతి శ్వాసలో లోపలికి పోయే ప్రాణవాయువు ఆ మేరకు తగ్గుతుంది. నెమ్మదిగా ఎక్కితే శరీరం వేగంగా శ్వాసించడం, ఎర్ర రక్తకణాలను పెంచుకోవడం ద్వారా కొంతవరకు సర్దుకుంటుంది. 3,000 మీటర్లు దాటిన తరువాత నిద్రించే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదని, మూడు నాలుగు రోజులకొకసారి విశ్రాంతి దినం ఉండాలని వైద్యుల సూచన.

దక్షిణ మార్గంలో సభ్యులు ఖాట్మండు లేదా రామెచాప్ నుండి చిన్న విమానంలో లుక్లాకు చేరి, అక్కడినుండి ఎనిమిది పది రోజులు నడుస్తారు. దారిలోని ముఖ్య మజిలీల ఎత్తులు సుమారుగా ఇట్లా ఉన్నాయి.

* లుక్లా – 2,850 మీ.
* నామ్చే బజార్ – 3,440 మీ.
* తెంగ్‌బోచే – 3,860 మీ.
* డింగ్‌బోచే – 4,410 మీ.
* లోబుచే – 4,940 మీ.
* గోరక్ షెప్ – 5,160 మీ.
* బేస్ క్యాంపు – 5,360 మీ.
* మొదటి క్యాంపు – 6,000 మీటర్లకు కొంచెం పైన
* రెండవ క్యాంపు – 6,400 మీ.
* మూడవ క్యాంపు (ల్హోత్సే వాలు) – 7,200 మీ.
* నాల్గవ క్యాంపు (సౌత్ కోల్) – 7,900 మీ.

బేస్ క్యాంపు చేరిన తరువాత లామా చేత పూజ జరిపించనిదే షెర్పాలు పర్వతంపై కాలు పెట్టరు. ఆ పిమ్మట సభ్యులు పై క్యాంపులకు ఎక్కి, ఒకటి రెండు రాత్రులు గడిపి, తిరిగి దిగివస్తారు. ఇట్లా ఒకటి నుండి మూడు పర్యాయాలు చేస్తారు. ఐస్‌ఫాల్‌లో తక్కువసార్లు తిరగడం కోసం నేడు కొన్ని బృందాలు ఈ పర్యాయాలలో కొంత భాగాన్ని పక్కనున్న లోబుచే శిఖరం (6,119 మీ.) పై పూర్తిచేస్తాయి. ఇంటివద్దనే ప్రాణవాయువు తగ్గించిన గుడారంలో నిద్రించి రోజులు తగ్గించుకొనే పద్ధతి కూడా వాడుకలో ఉంది. 2025 మే నెలలో నలుగురు బ్రిటిష్ ఆరోహకులు ఇటువంటి సాధనతో పాటు జినాన్ వాయువును పీల్చి, లండన్ నుండి బయలుదేరిన వారం లోపే శిఖరం చేరారు. జినాన్ ప్రయోజనంపై వైద్యులలో ఏకాభిప్రాయం లేదు.

ఎత్తు జబ్బులు

తలనొప్పి, వికారం, నిద్రలేమి, ఆకలి లేకపోవడం సాధారణ ఎత్తు జబ్బు లక్షణాలు. ఇది ముదిరితే రెండు ప్రాణాంతక రూపాలు దాల్చవచ్చును. ఊపిరితిత్తులలో నీరు చేరితే విశ్రాంతిలో కూడా ఆయాసం, దగ్గు, నురుగుతో కూడిన కఫం కనబడతాయి. మెదడు వాస్తే నడక తూలడం, మాట తడబడడం, అయోమయం కలుగుతాయి. రెండింటికీ మొదటి చికిత్స వెంటనే క్రిందికి దింపడమే. ప్రాణవాయువు, డెక్సామెథాసోన్, నిఫెడిపిన్ వంటి మందులు, రోగిని లోపల ఉంచి గాలి నింపే పీడన సంచి దింపడానికి వ్యవధి కల్పిస్తాయి తప్ప దింపడానికి బదులు కాజాలవు. నివారణకు వాడే అసెటజోలమైడ్ మాత్రను వైద్యుని సలహాపై మాత్రమే తీసుకోవాలి.

మెదడు వాపు వచ్చిన మనిషి తనకు ఏమీ కాలేదని వాదించడం తరచుగా జరుగుతుంది. కావున ప్రతి సభ్యుని తోటి సభ్యుడో, షెర్పానో గమనిస్తూ ఉండే ఏర్పాటు ప్రణాళికలో ఉండాలి.

ప్రాణవాయువు లెక్క

1978 మే 8న రైన్‌హోల్డ్ మెస్నర్, పీటర్ హేబెలర్ సిలిండర్లు లేకుండా శిఖరం చేరి అది సాధ్యమని నిరూపించారు. అయినప్పటికీ మార్గదర్శక యాత్రలలో దాదాపు అందరూ సాధారణంగా మూడవ క్యాంపు నుండి కృత్రిమ ప్రాణవాయువును వాడతారు. ఒక సిలిండరు ఎంతసేపు వస్తుందో విద్యార్థులు సులభంగా లెక్కించవచ్చును.

4 లీటర్ల సిలిండరులో 300 రెట్లు వాతావరణ పీడనంతో వాయువును నింపితే, అది సాధారణ పీడనం వద్ద సుమారు 4 × 300 = 1,200 లీటర్లు అవుతుంది. నిమిషానికి 2 లీటర్ల చొప్పున వాడితే 600 నిమిషాలు, అనగా 10 గంటలు వస్తుంది. నిమిషానికి 4 లీటర్ల చొప్పున అయితే 5 గంటలే. సౌత్ కోల్ నుండి శిఖరానికి ఎక్కడానికి 10 గంటలు, దిగడానికి 5 గంటలు పడుతుందనుకొంటే మొత్తం 15 గంటలు. మొదటి వేగంతో ఒకటిన్నర సిలిండర్లు, రెండవ వేగంతో మూడు సిలిండర్లు కావాలి. శిఖరగట్టుపై రద్దీలో రెండు గంటలు నిలబడవలసి వస్తే, నాలుగు లీటర్ల వేగంతో మరి 480 లీటర్లు, అనగా సిలిండరులో ఐదింట రెండు వంతులు, అడుగు కూడా ముందుకు వేయకుండానే ఖర్చవుతాయి. గడియారం ముల్లు మనకు చూపేది కాలాన్ని మాత్రమే కాదు, మిగిలిన ప్రాణవాయువును కూడా. వెనుదిరిగే వేళ ఈ లెక్కనుండే పుడుతుంది.

శిఖర దినం, వెనుదిరిగే వేళ

వాతావరణ సూచన అనుకూలించిన తరువాత బృందం నాలుగైదు రోజులలో నాల్గవ క్యాంపు చేరుతుంది. 8,000 మీటర్లకు పైనున్న ప్రదేశాన్ని మృత్యు మండలం అంటారు. అక్కడ శరీరం ఎంతకాలమున్నా అలవాటు పడదు, క్షీణిస్తూనే ఉంటుంది. కాబట్టి సౌత్ కోల్‌లో కొద్ది గంటలే విశ్రమించి, రాత్రి 8 నుండి 11 గంటల మధ్య దీపాల వెలుగులో బయలుదేరుతారు. బాల్కనీ (సుమారు 8,400 మీ.), దక్షిణ శిఖరం (సుమారు 8,750 మీ.), హిల్లరీ మెట్టు ఉండిన చోటు దాటి ఉదయానికి శిఖరం చేరడం లక్ష్యం.

బయలుదేరక ముందే మధ్యాహ్నం ఒంటిగంట, రెండుగంటలు వంటి ఒక వేళ నిర్ణయించబడుతుంది. ఆ వేళకు ఎక్కడున్నా, శిఖరం కంటికి కనబడుతున్నా, వెనుదిరగాలి. దీనితో పాటు ఇంకా కొన్ని పరిమితులను కూడా ముందే వ్రాసుకోవడం మంచిది: సిలిండరులో మిగలవలసిన కనీస పీడనం, గాలి వేగం, ఒక మజిలీ చేరడానికి అనుమతించే గరిష్ఠ సమయం, వేళ్ళలో స్పర్శ పోవడం. వీటిలో ఏ ఒక్కటి దాటినా వెనుదిరగవలసినదే.

1996 నాటి దుర్ఘటన

వెనుదిరిగే వేళ ప్రాముఖ్యాన్ని ప్రపంచానికి తెలియజేసినది 1996 మే 10, 11 తేదీల దుర్ఘటన. నాటికే శిఖరాన్ని ఎక్కి ఉన్న రాబ్ హాల్, స్కాట్ ఫిషర్ అనే ఇద్దరు ప్రసిద్ధ మార్గదర్శకులు తమ తమ బృందాలను ఒకే రోజున నడిపించారు. పై భాగంలో తాళ్ళు ముందుగా కట్టి ఉండకపోవడం వలన సభ్యులు వరుసలో నిలిచిపోయారు. రాబ్ హాల్ బృందంలో ముగ్గురు సభ్యులు వరుసలో ఉండగానే లెక్క వేసుకొని, సమయానికి శిఖరం చేరడం సాధ్యం కాదని గ్రహించి తమంతట తాము వెనుదిరిగారు. వారు బ్రతికారు. మరికొందరు మధ్యాహ్నం రెండు దాటిన తరువాత కూడా ఎక్కుతూనే ఉన్నారు. అంతకు ముందటి సంవత్సరం శిఖరానికి దగ్గరలో వెనుదిరిగి, మరల వచ్చిన ఒక సభ్యుడు సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో శిఖరం చేరాడు. అతని కోసం హాల్ వేచి ఉన్నాడు. అప్పటికే తుఫాను మొదలైనది. హాల్, ఫిషర్, ఆ సభ్యుడు సహా దక్షిణం వైపు ఐదుగురు, ఉత్తరం వైపు ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు దళానికి చెందిన ముగ్గురు భారతీయులు, మొత్తం ఎనిమిదిమంది మరణించారు. నియమం తెలియక జరిగిన ప్రమాదం కాదిది. నియమం పెట్టినవారే దానిని సడలించడం వలన జరిగినది.

షెర్పాలు, సహాయక సిబ్బంది

మార్గదర్శక యాత్ర షెర్పాల శ్రమపై ఆధారపడి ఉన్నది. సగర్‌మాథా కాలుష్య నియంత్రణ కమిటీ నియమించిన ‘ఐస్‌ఫాల్ డాక్టర్లు’ అనే షెర్పా బృందం ఋతువు ప్రారంభంలో ఖుంబు ఐస్‌ఫాల్‌లో అల్యూమినియం నిచ్చెనలు, తాళ్ళు అమర్చి, మంచు కదిలినప్పుడల్లా దారిని సరిచేస్తూ ఉంటుంది. మరొక బృందం పై క్యాంపుల నుండి శిఖరం వరకు తాళ్ళు కడుతుంది. గుడారాలు, ఆహారం, సిలిండర్లు పైకి చేరవేసేదీ షెర్పాలే. సభ్యుడు ఐస్‌ఫాల్‌ను కొద్ది పర్యాయాలు దాటితే, షెర్పా బరువుతో అంతకు ఎన్నో రెట్లు దాటవలసి ఉంటుంది. ప్రమాదంలో అధిక భాగం అతనిదే. కామీ రీతా షెర్పా 2025 మే నాటికి 31 సార్లు శిఖరం చేరాడు.

2014 ఏప్రిల్ 18 ఉదయం ఐస్‌ఫాల్‌పై మంచు చరియ విరిగిపడి సామగ్రి మోస్తున్న 16 మంది నేపాలీ కార్మికులు మరణించారు. తక్షణ సహాయంగా ప్రభుత్వం ఒక్కొక్క కుటుంబానికి 40,000 నేపాలీ రూపాయలు ప్రకటించడం షెర్పాలలో తీవ్ర ఆగ్రహం కలిగించింది. వారు పర్వతం ఎక్కడానికి నిరాకరించడంతో ఆ ఋతువులో దక్షిణ మార్గపు యాత్రలు దాదాపు అన్నీ రద్దయ్యాయి. దాని తరువాత 10 లక్షల నేపాలీ రూపాయలుగా ఉన్న కనీస జీవిత బీమా 15 లక్షలకు పెంచబడింది. ఐస్‌ఫాల్ దారి కూడా చరియలు పడే అంచునుండి మధ్యకు మార్చబడింది. షెర్పాల రాకపోకలు తగ్గించడానికి 2024 నుండి డ్రోన్లతో సామాను చేరవేసే ప్రయత్నాలు జరుగుతున్నాయి.

రద్దీ, ఇతర ప్రమాదాలు

2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో సంభవించిన 7.8 తీవ్రత గల భూకంపం వలన పుమోరి వైపునుండి మంచు చరియ బేస్ క్యాంపుపై పడి 15 మందికి పైగా మరణించారు. ఇటువంటి వాటిని ఏ ప్రణాళికా నివారించలేదు. రద్దీ మాత్రం మానవ కల్పితమే. 2019లో నేపాల్ 381 అనుమతులు ఇచ్చింది. అనుకూలమైన రోజులు తక్కువ కావడంతో మే 22, 23 తేదీలలో శిఖరగట్టుపై ఆరోహకులు బారులు తీరిన ఛాయాచిత్రం ప్రపంచమంతా ప్రచారమైంది. ఆ ఋతువులో రెండు వైపులా కలిపి 11 మంది మరణించారు. నేడు జాగ్రత్త గల సంస్థలు మొదటి అనుకూల దినాన అందరితో పాటు పోక, తరువాతి అవకాశం కొరకు వేచి ఉంటాయి. అందుకు అదనపు ఆహారం, ప్రాణవాయువు ముందే సిద్ధం చేసుకొని ఉండాలి.

పర్యావరణం

ఖాళీ సిలిండర్లు, చిరిగిన గుడారాలు, ఆహారపు డబ్బాలు, మానవ మలం పర్వతంపై పెద్ద సమస్యగా మారాయి. బేస్ క్యాంపు దాటిన ప్రతి ఆరోహకుడు 8 కిలోల చెత్తను క్రిందికి తీసుకురావాలనే నియమం 2014లో పెట్టబడింది. 2024 నుండి మలాన్ని సంచులలో తిరిగి తీసుకురావడం కూడా తప్పనిసరి చేయబడింది.

తెలుగువారు

నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను 172 రోజులలో అధిరోహించాడు. అందులో ఎవరెస్టు ఒకటి. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాలలో ఒంటరిగా ఎక్కుతూ తప్పిపోయాడు. ఏప్రిల్‌లో అతని మృతదేహం లభించింది.

2014 మే 25న, తెలంగాణ రాష్ట్రం ఏర్పడడానికి ఎనిమిది రోజుల ముందు, నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 13 సంవత్సరాల 11 నెలల వయసులో శిఖరం చేరి, ఆ ఘనత సాధించిన అతి పిన్న వయస్కురాలైన బాలికగా పేరు పొందింది. ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ ఆమెతో పాటు శిఖరం చేరాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు. నేపాల్ వైపు వయోపరిమితి ఉండడం వలన వారు టిబెట్టు మార్గాన్ని ఎంచుకొన్నారు. భువనగిరి కొండపై శిలారోహణతో మొదలైన వారి శిక్షణ డార్జిలింగులోని సంస్థలోను, లడఖ్ చలిలోను కొనసాగింది. శిక్షణ పొందిన పిల్లల సంఖ్యను దశల వారీగా తగ్గిస్తూ చివరకు ఈ ఇద్దరిని ఎంపిక చేశారు. నిరుపేద కుటుంబాల పిల్లలను ఇంత ఎత్తుకు పంపడానికి తగిన కాలం, శిక్షణ, మార్గదర్శకత్వం, ధనం ముందుగా సమకూర్చడం ఈ యాత్రలో గమనింపదగిన అంశం. పూర్ణ జీవితం ఆధారంగా రాహుల్ బోస్ దర్శకత్వంలో 2017లో ‘పూర్ణ’ అనే హిందీ చలనచిత్రం వెలువడింది.

ఇవి కూడా చూడండి

* ఎవరెస్టు పర్వతం
* హిమాలయాలు
* టెన్జింగ్ నార్కే
* బచేంద్రీ పాల్
* మల్లి మస్తాన్ బాబు
* మాలావత్ పూర్ణ
* భువనగిరి కోట